మంట ఒకటే... చీటీలు నాలుగు!

"వేడి చేసిందిలే, కాసిని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు!"

మూత్రానికి వెళితే మంటగా ఉందని ఆడవాళ్లు ఏ ఇంట్లో చెప్పినా మొదట వినపడే మాట ఇదే. రెండో మాట బార్లీ నీళ్లు. మూడోది గల్లీ చివరి మందుల షాపు. డాక్టరు వంతు వచ్చేసరికి నాలుగు రోజులు గడిచిపోతాయి. అదైనా ఇక కూర్చోలేం, నించోలేం అన్నప్పుడే!

సబ్జా నీళ్లను, బార్లీని నేను తప్పు పట్టడం లేదు. ఏ రూపంలోనైనా నాలుగు గ్లాసుల నీళ్లు లోపలికి పోతే మంచిదే. ఎప్పుడో ఒకసారి వచ్చి, మందు వేసుకుంటే తగ్గిపోయే మంటయితే దాని గురించి ఇంత రాయాల్సిన పనీ లేదు. నా బాధల్లా తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే మంట గురించి. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే వైద్యులు దాన్ని 'తిరగబెట్టే ఇన్‌ఫెక్షన్' అంటారు. అప్పుడిక అది ఒక్క మందుబిళ్లతో, ఒక్క డాక్టరుతో తేలే వ్యవహారం కాదు. మన దగ్గర మాత్రం దాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా వచ్చిన జబ్బులాగే చూస్తారు. నా అభ్యంతరం అక్కడే.

ముందు ఒక మాట చెప్పుకోవాలి. ఆడవాళ్లలో సగం మందికి పైగా జీవితంలో ఒక్కసారైనా ఈ ఇన్‌ఫెక్షన్ బారిన పడతారు. ఒకసారి వచ్చినవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి ఆరు నెలల్లోపే మళ్లీ వస్తుంది. కారణం మన శుభ్రతలో లోపం కాదు, మన శరీర నిర్మాణం. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్ల మూత్రనాళం బాగా పొట్టిది, సుమారు నాలుగు సెంటీమీటర్లే. పైగా మలద్వారానికి దగ్గర. పేగుల్లో ఉండే ఈ.కోలి అనే బాక్టీరియా అంత చిన్న దూరాన్ని తేలిగ్గా దాటి మూత్రాశయంలోకి చేరుతుంది. ఎక్కువ ఇన్‌ఫెక్షన్లకు మూలం అదే.

ఇది తెలియక ఎన్ని ఇళ్లలో ఎన్ని మాటలు పడుతున్నారో! మా గల్లీలో చుమ్కీ పని చేసే ఒక అమ్మాయి ఉంది. పెళ్లయి ఏడాది కాలేదు. "పేషాబ్ మే జలన్" అని అత్తగారితో చెప్పినందుకు, "మీ పుట్టింట్లోనే తెచ్చుకుని ఉంటావు" అన్నారట. భార్యాభర్తల కలయిక తర్వాత ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది, నిజమే. అంతమాత్రాన ఇది సుఖవ్యాధి కాదు, ఎవరి గుణానికీ సర్టిఫికెట్ అంతకంటే కాదు. ఈ ఒక్క మాట ప్రతి ఇంట్లో తెలిస్తే సగం మంది ఆడవాళ్లు రోగం దాచుకోవడం మానేస్తారు.

ఇక డాక్టర్ల దగ్గరికి వెళ్లాక ఏమవుతోందో చూద్దాం.

మా అక్క గౌలిపురాలో ఉంటుంది. యాభై రెండేళ్లు. ముట్లుడిగి మూడేళ్లయింది. పదేళ్ల బట్టి షుగరు. ఏడాదిన్నరలో ఏడుసార్లు ఈ మంట వచ్చింది. ఇంటి దగ్గరి క్లినిక్‌లో ప్రతిసారీ ఒక యాంటీబయాటిక్ రాశారు. రెండు రోజుల్లో తగ్గింది, రెండు నెలల్లో తిరగబెట్టింది. దురద కూడా ఉందని స్త్రీల డాక్టరు దగ్గరికి వెళితే ఆవిడ ఆయింట్‌మెంటు ఇచ్చారు. షుగరు డాక్టరు అంతకుముందే ఒక కొత్త మాత్ర మొదలుపెట్టారు. యూరాలజిస్టు స్కానింగ్ చేయించి, కిడ్నీలో రాళ్లేమీ లేవన్నారు. నలుగురూ చదువుకున్నవాళ్లే, నలుగురూ ఓపిగ్గానే చూశారు. నాలుగు చీటీలు, నాలుగు ఫైళ్లు. ఒకరు రాసింది ఇంకొకరు చూడలేదు.

"ఇగ నేను ఏ దవాఖానకూ రానే చెల్లె! పోయిన చోటల్లా మొదటి నుంచి మళ్ల చెప్పాలె. సిగ్గు సిగ్గుగ చెప్పుడు, వాళ్లు రాసుడు, నేను మింగుడు... గింతేనా?" అని ఒకరోజు చీటీల సంచి మంచమ్మీద పారేసింది.

చివరికి ఒక జనరల్ ఫిజీషియన్ ఆ సంచిలోవన్నీ బల్ల మీద పరిచి తేదీల వరసన పేర్చారు. అరగంట పట్టింది. అప్పుడు బయటపడిన సంగతులు వినండి. ఏడుసార్లు మంట వస్తే మూత్రం కల్చర్ పరీక్ష చేయించింది రెండుసార్లే. అందులో ఒకసారి అసలు బాక్టీరియానే పెరగలేదు. అయినా యాంటీబయాటిక్ వాడింది. రెండోసారి ఈ.కోలి పెరిగింది. కానీ అంతకుముందు మూడుసార్లు మింగిన మందుకు అది లొంగదని ఆ రిపోర్టులోనే రాసి ఉంది! దురద మొదలైంది షుగరుకు కొత్త మాత్ర వేసుకున్న తర్వాతి నెలలో. ఆ రకం మాత్రలు ఒంట్లోని చక్కెరను మూత్రం గుండా బయటికి పంపిస్తాయి. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మంచి మందులే. కానీ కొందరు ఆడవాళ్లలో వీటివల్ల జననాంగం దగ్గర ఫంగస్ చేరి దురద, మంట పుడతాయి. ఆ మంటను చూసి మూత్రం ఇన్‌ఫెక్షన్ అనుకోవడం చాలా తేలిక. అంటే షుగరు డాక్టరు ఇచ్చిన మందు వల్ల వచ్చిన దురదకు స్త్రీల డాక్టరు ఆయింట్‌మెంటు ఇచ్చారు, క్లినిక్ డాక్టరు యాంటీబయాటిక్ ఇచ్చారు. యాంటీబయాటిక్ ఫంగస్‌ను ఏమీ చేయదు సరికదా, ఇంకాస్త పెంచుతుంది!

దీనికి ముట్లుడిగిన వయసు తోడైంది. ఆ వయసులో ఈస్ట్రోజెన్ తగ్గిపోయి యోనిలోని చర్మం పలచబడుతుంది, పొడిబారుతుంది. అక్కడ కాపలా కాసే మంచి బాక్టీరియా తగ్గిపోతుంది. ఈ.కోలికి దారి సులువవుతుంది. అందుకే ముట్లుడిగాక తిరగబెట్టే ఇన్‌ఫెక్షన్లకు, వాడకూడని కారణమేదీ లేకపోతే, యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీమును సూచించమని అమెరికన్ యూరాలజీ సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మూత్రం జబ్బుకు యోనిలో మందేమిటని మా అక్కలాగే మీరూ అనుకోవచ్చు. ఒక డాక్టరు చూసే జబ్బుకు మందు ఇంకో డాక్టరు దగ్గర ఉందన్నమాట! రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ల విషయంలో మాత్రం ఆ క్యాన్సర్ డాక్టరును కూడా అడిగే నిర్ణయించాలి. చూశారా, ఇంకో స్పెషలిస్టు!

ఆ ఫిజీషియన్ చేసిందల్లా రెండు ఫోన్లు. ఒకటి షుగరు డాక్టరుకు, ఒకటి స్త్రీల డాక్టరుకు. మాత్ర మారింది, క్రీము మొదలైంది. మంట వస్తే కల్చర్‌కు ఇచ్చాకే మందు అన్న నియమం పెట్టారు. తొమ్మిది నెలలైంది. ఈ మధ్యలో ఒక్కసారే వచ్చింది. అప్పుడు సరైన మందు సరైన రోజులు వాడితే తగ్గిపోయింది. ఇందులో అద్భుతం ఏమీ లేదు. నలుగురు విడివిడిగా చేసిన ఆలోచనను ఒకరు ఒకచోట చేర్చారు, అంతే.

ఆ ఒకచోట చేర్చే పని ఎవరిది? ఇప్పటికైతే రోగిదే.

మన పాతబస్తీ సంగతే తీసుకోండి. కాన్పులకు, స్త్రీల జబ్బులకు మూసీకి ఇవతల పేట్లబుర్జ్ దవాఖాన. మూత్రకోశం, కిడ్నీలు, షుగరు అంటే మూసీకి అవతల అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా. నడుమ నయాపూల్. ఆ వంతెన మీద ప్లాస్టిక్ కవర్లో రిపోర్టులు పట్టుకుని నడిచే ఆడవాళ్లను రోజూ చూస్తుంటాం. ఒక డాక్టరు మాటను ఇంకో డాక్టరుకు చేరవేసే బాధ్యత వాళ్లదే. ఉర్దూలో బాధపడుతూ, తెలుగులో చెప్పుకుంటూ, ఇంగ్లీషులో రాసిన చీటీని మోయాలి. చదువు రాని మనిషి "డాక్టర్‌సాబ్ ఏదో గోలీ ఇచ్చిండు, పసుపు రంగుది" అంటే అవతలి డాక్టరు మాత్రం ఏం అర్థం చేసుకుంటారు?

డాక్టర్లు కలిసి పనిచేయడం కొత్త విషయమేమీ కాదు. క్యాన్సర్‌కు 'ట్యూమర్ బోర్డు' అని ఉంటుంది. ఆపరేషన్ చేసే డాక్టరు, మందులిచ్చే డాక్టరు, రేడియేషన్ ఇచ్చే డాక్టరు ఒకచోట కూర్చుని ఒక్క రోగి గురించి మాట్లాడుకుంటారు. క్యాన్సర్ ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాబట్టి అంత హడావుడి, మూత్రంలో మంటకు అంత అవసరమా అంటారేమో. ఈ మంట మూత్రాశయంలో ఆగకుండా కిడ్నీలకు పాకిందంటే చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులతో మనిషి మంచాన పడుతుంది. రక్తంలోకి పాకితే ప్రాణం మీదికే వస్తుంది. గర్భిణికి వస్తే నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుంది. అందుకే గర్భిణులకు మంట లేకపోయినా తొలి నెలల్లో మూత్రం కల్చర్ చేసి, బాక్టీరియా ఉంటే మందు ఇవ్వాలంటారు. మిగతావాళ్ల సంగతి దీనికి పూర్తిగా వేరు. ఏ బాధా లేకుండా రిపోర్టులో బాక్టీరియా కనపడినంత మాత్రాన యాంటీబయాటిక్ మింగక్కర్లేదు. ఈ తేడా చెప్పేవాళ్లు లేక కాగితానికి వైద్యం చేయించుకుంటున్నవాళ్లు ఎందరో!

ఈ యాంటీబయాటిక్‌ల సంగతి మన హైదరాబాద్ వాళ్లకు ప్రత్యేకంగా పట్టాల్సిన విషయం. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. ఒక లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది! మూత్రం ఇన్‌ఫెక్షన్ అనగానే ఏళ్ల తరబడి రాస్తూ వచ్చిన మందుల్లో అదొకటి. మందు తయారయ్యే ఊళ్లో మందు నీళ్లలో కలుస్తుంటే బాక్టీరియా ఊరుకుంటుందా? దానికి అలవాటు పడుతుంది. ఇటు మనం షాపులో చీటీ లేకుండా మూడు బిళ్లలు కొనుక్కుని, మంట తగ్గగానే ఆపేసి, మిగిలిన బిళ్ల పక్కింటావిడకు ఇస్తాం. అటు ఫ్యాక్టరీ, ఇటు మనం, నడుమ ఈ.కోలి బలుస్తోంది. మన దేశంలో ఈ.కోలి చాలా మందులకు లొంగడం లేదని భారత వైద్య పరిశోధన మండలి ఏటా ఇచ్చే నివేదికలు చెబుతూనే ఉన్నాయి. ముఖ్యమైన కొన్ని యాంటీబయాటిక్‌లను షెడ్యూల్ హెచ్1 కింద చేర్చి, 2014 మార్చి 1 నుంచి వాటిని ఎవరికి అమ్మారో రిజిస్టరులో రాయాలని ప్రభుత్వం నియమం పెట్టింది. మీ గల్లీ షాపులో ఆ రిజిస్టరు ఎప్పుడైనా చూశారా?

కల్చర్ పరీక్ష చేసే మైక్రోబయాలజీ డాక్టరు కూడా ఈ జట్టులో మనిషే. ఆయన్ను మనం ఎప్పుడూ చూడం. రిపోర్టు కింద సంతకంగానే తెలుసు. కానీ ఏ మందుకు లొంగుతుందో, ఏ మందుకు లొంగదో చెప్పేది ఆయనే. పదేపదే చీము కణాలు కనపడుతూ, కల్చర్‌లో ఏదీ పెరగకపోతే మూత్రకోశానికి క్షయ ఏమోనని కూడా చూడాలి. మన దేశంలో అది అరుదైన సంగతేమీ కాదు. గర్భసంచి జారి మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోతే స్త్రీల డాక్టరు, రాళ్లున్నా, మంట తగ్గాక కూడా రక్తం పడుతున్నా యూరాలజిస్టు, కటి కండరాలు బిగుసుకుపోతే ఫిజియోథెరపిస్టు... ఎవరి పని వారికుంది.

అలాగని ప్రతి మంటకూ అందరి దగ్గరికీ పరుగెత్తమని నేననడం లేదు. అది ఇంకో రకం దోపిడీకి దారి. తిరగబెట్టే ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లందరికీ స్కానింగ్‌లూ, గొట్టం వేసి చూసే పరీక్షలూ అవసరం లేదని ఆ 2019 మార్గదర్శకాలే చెబుతున్నాయి. కలిసి పనిచేయడమంటే రోగిని నాలుగు గదుల చుట్టూ తిప్పడం కాదు. ఒక డాక్టరు బాధ్యత తీసుకుని, అవసరమైనప్పుడు మిగతావాళ్లను అడగడం.

"ఓపీలో వందల మంది నిలబడి ఉంటే డాక్టర్లకు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరిక ఎక్కడిది?" అని ఒక నర్సమ్మ నన్నడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ అదే మనిషి అదే మంటతో ఏడుసార్లు వచ్చి ఆ లైన్లో నిలబడుతోంది కదా! ఒక్కసారి సరిగా చూస్తే ఆరుసార్ల లైను తగ్గుతుంది. వారానికి ఒక్క పూట ఇలాంటివాళ్ల కోసం ఒక గది, అందులో ఒక మహిళా వైద్యురాలు, పక్కనే యూరాలజీ, షుగరు డాక్టర్లు, ఫోన్లో అందుబాటులో మైక్రోబయాలజీ. ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు, కొత్త టైంటేబుల్ చాలు.

దీనికి ఇప్పుడు మంచి అదను కూడా ఉంది. 2020 జులై వానలకు ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి నీళ్లొచ్చి, దాన్ని ఖాళీ చేయించిన సంగతి మనకు తెలుసు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన జరిగింది. రెండు వేల పడకల దవాఖాన కడుతున్నప్పుడు ఆడవాళ్ల మూత్ర సమస్యలకు ఉమ్మడిగా చూసే ఒక్క గది అడగడం అత్యాశా? 2018 నుంచి బస్తీ దవాఖానాలు గల్లీల్లోకి వచ్చాయి. మొదటి మంటకే కల్చర్‌కు నమూనా తీసుకుని, ఒక కార్డు రాసి చేతికిచ్చే పని అక్కడే మొదలవ్వాలి.

ప్రభుత్వం చేసే లోపు మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఒక రూపాయి నోటుబుక్కు చాలదంటే పది రూపాయల నోటుబుక్కు కొనండి. మంట ఎప్పుడొచ్చింది, జ్వరముందా, దురదుందా, ఏ మందు ఎన్ని రోజులు వాడారు, కల్చర్‌లో ఏం తేలింది, షుగరుకు బీపీకి ఏ మాత్రలు వాడుతున్నారు... తేదీలతో రాయండి. రాయడం రాకపోతే బడికెళ్లే మనవరాలు రాస్తుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ పుస్తకం ముందు పెట్టండి. యాంటీబయాటిక్ మొదటి బిళ్ల వేసుకోకముందే కల్చర్‌కు ఇవ్వండి. మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టాలి. రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలి. లేదంటే ఫ్రిజ్‌లో ఉంచాలి. చలిజ్వరం, నడుం నొప్పి, వాంతులు ఉన్నా, గర్భిణి అయినా ఏ పుస్తకాలూ వెతక్కుండా వెంటనే దవాఖానకు వెళ్లాలి.

నీళ్లు తాగండి. అందరూ చెప్పేదే కదా అనకండి, దీనికి లెక్క ఉంది. తక్కువ నీళ్లు తాగే అలవాటుండి, మళ్లీ మళ్లీ ఇన్‌ఫెక్షన్ వస్తున్న 140 మంది స్త్రీలపై బల్గేరియాలో జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. రోజూ లీటరున్నర నీళ్లు అదనంగా తాగినవాళ్లకు ఏడాదిలో సగటున 1.7 సార్లు మంట వస్తే, తాగనివాళ్లకు 3.2 సార్లు వచ్చింది. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే పెంచాలి. రోజూ యాంటీబయాటిక్ వేసుకోవాల్సిన పరిస్థితి వచ్చినవాళ్లు మెథెనమైన్ అనే మందు గురించి అడగండి. అది యాంటీబయాటిక్ కాదు, మూత్రంలో క్రిములను అణిచే మందు. బ్రిటన్‌లో 240 మంది స్త్రీలపై చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో అది రోజువారీ యాంటీబయాటిక్‌కు తీసిపోలేదు.

అయితే నీళ్లు తాగమని చెప్పేవాళ్లు ఇంకో మాట కూడా చెప్పాలి. తాగిన నీళ్లు ఎక్కడ పోవాలి? లాడ్‌బజార్‌లో గాజులు కొనడానికి వచ్చే ఆడవాళ్లు, ఆ దుకాణాల్లో పొద్దుగూకులూ నిలబడే అమ్మాయిలు, చార్మినార్ చుట్టూ తోపుడు బండ్ల దగ్గర కూర్చునే అమ్మలు పొద్దున్నే నీళ్లు ఎందుకు మానేస్తారో అడిగి చూడండి. శుభ్రమైన మరుగుదొడ్డి కట్టించే మున్సిపాలిటీ ఇంజనీరు కూడా ఈ వైద్యంలో ఒక స్పెషలిస్టే!

ఆడదాని ఒళ్లు ఒకటే. గర్భసంచి ఒక దవాఖానలో, మూత్రాశయం ఒక దవాఖానలో, షుగరు ఒక దవాఖానలో ఉండవు. విడివిడిగా చదువుకున్న డాక్టర్లు ఆ ఒంటి కోసం ఒక్క పూట కలిసి కూర్చోవాలని అడిగే హక్కు మనకుంది. ఈసారి చీటీ చేతికిచ్చినప్పుడు "అమ్మా, ఈ పాత చీటీలు కూడా చూసి చెప్పండి" అని కుర్చీలోంచి లేవకుండా అడుగుదామా? ఏమంటారు?